రుచి చూశారు, విషం చూడలేదు: 1937 నాటి సిరప్ కథ

దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయారన్న వార్త వచ్చిన ప్రతిసారీ పాత వాదన మళ్లీ లేస్తుంది. మందులు భద్రమో కాదో ప్రభుత్వం తేల్చాలా? పేరు పోతుందన్న భయంతో కంపెనీలే జాగ్రత్తపడతాయా? ఈ చర్చలో ఎక్కువమంది థాలిడోమైడ్ దగ్గర మొదలుపెడతారు; గర్భిణులు వాడితే పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన మందు అది. అసలు మలుపు అంతకు పాతికేళ్ల ముందే, 1937లో అమెరికాలో వచ్చింది.

మాత్రలు మింగలేని పిల్లల కోసం, బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లకు వాడే సల్ఫనిలమైడ్‌ను ద్రవరూపంలో ఇవ్వమని మార్కెట్ అడిగింది. టెన్నెసీలోని మాసెంగిల్ కంపెనీ తయారుచేసింది. ఆ మందు నీళ్లలో సరిగా కరగదు కాబట్టి డైఇథైలిన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రావకంలో కరిగించి, రాస్ప్‌బెర్రీ రుచి కలిపారు. రుచి, రంగు, వాసన పరీక్షించారు. విషమేమో మాత్రం చూడలేదు. చూడాలని ఏ చట్టమూ అనలేదు మరి. మూత్రపిండాలు పాడై వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలెందరో.

అధికారులు ఊరూరా తిరిగి దాదాపు సరుకంతా వెనక్కి తెచ్చారు. అయితే కంపెనీ మీద పెట్టగలిగిన కేసు ఒక్కటే: 'ఎలిక్సిర్' (ఆల్కహాల్ ఉన్న ద్రవమందు) అని పేరు పెట్టి అందులో ఆల్కహాల్ కలపకపోవడం. 'సొల్యూషన్' అని రాసి ఉంటే సరుకు పట్టుకునే అధికారమే వాళ్లకు ఉండేది కాదు. తన బాధ్యత ఏమీ లేదని యజమాని అన్నాడు. అప్పటి చట్టం ప్రకారం ఆయన మాటను కాదనడం కష్టమే. అందుకే 1938లో కొత్త చట్టం వచ్చింది: అమ్మకముందే మందు సురక్షితమని కంపెనీ చూపాలి.

మార్కెట్ పక్షం వాదన కూడా ఉంది. 1962లో అమెరికా చట్టం మందు పనిచేస్తుందని కూడా రుజువు చేయాలన్నాక కొత్త మందులు తగ్గిపోయాయని ఆర్థికవేత్త శామ్ పెల్ట్‌జ్‌మన్ 1973లో లెక్కలు చూపాడు. ఆలస్యం కూడా ప్రాణాలు తీస్తుందని ఎయిడ్స్ రోగులు 1988లో మందులకు అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ కార్యాలయాన్ని ముట్టడించారు. న్యాయమైన బాధే. కానీ పెల్ట్‌జ్‌మన్ తప్పుపట్టింది 1962 నాటి షరతును. సీసాలో విషం ఉందో లేదో చూడమన్న 1938 నియమం జోలికి ఆ లెక్కలు పోవు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చర్చ ప్రతిసారీ దారి తప్పుతోంది.

నియమాలున్నా 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లో పిల్లలు చనిపోయారు కదా అంటారు. నిజమే, అదే రసాయనం. మధ్యప్రదేశ్ పిల్లలు తాగిన కోల్డ్రిఫ్ సిరప్‌లో అది 48.6 శాతం ఉందని తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో తేలింది. ఉండాల్సిన పరిమితి 0.1 శాతం. ముడిసరుకును, తయారైన సిరప్‌ను పరీక్షించాలన్న నియమం కాగితం మీద ఉంది. ఆ పరీక్ష చేయించేవాళ్లు ఫ్యాక్టరీ దగ్గర లేరు. చివరికి ఆ అంకె బయటికి తెచ్చింది కూడా సర్కారు ల్యాబే, అప్పటికే సీసాలు ఇళ్లకు చేరిపోయాక.