మేనత్త సంగతి కూడా చెప్పండి: రొమ్ము, అండాశయ క్యాన్సర్లపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో స్త్రీల వ్యాధుల వైద్యురాలిగా నేను వంశంలో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా అని అడిగినప్పుడు ఎక్కువగా వినే జవాబు, "మా అమ్మకు గానీ, అమ్మమ్మకు గానీ లేదు డాక్టరమ్మా" అన్నదే. నాన్న వైపు సంగతి గుచ్చి అడిగితే తప్ప బయటికి రాదు.

అపోహ: ఈ జబ్బు తల్లి వైపు నుంచే వస్తుంది.

వాస్తవం: బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో పుట్టుకతో లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. బీఆర్‌సీఏ1 జన్యువు 17వ క్రోమోజోముపైన, బీఆర్‌సీఏ2 జన్యువు 13వ క్రోమోజోముపైన ఉంటాయి. ఈ క్రోమోజోములు స్త్రీపురుషులిద్దరికీ ఉండేవే కనుక, తండ్రిలో లోపం ఉంటే, ఆయనకు ఏ జబ్బూ రాకపోయినా, కొడుకైనా కూతురైనా ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం ఉంటుంది. ఆడపిల్లకు మేనత్త పోలిక వచ్చిందని మురిసిపోయే మనం ఆ మేనత్త ఏ జబ్బుతో పోయిందో మాత్రం అడగము. అడిగినా, "కడుపులో నీరు చేరి పోయింది" అన్న మాటతో సరిపెడతారు. అది కాలేయ వ్యాధి కావచ్చు, అండాశయ క్యాన్సరూ కావచ్చు. అందుకే ఆ మాట వినగానే ఆమె వయసెంత, పొట్ట ఎన్నాళ్లలో పెరిగింది, ఆపరేషన్ ఏదైనా చేశారా అని ఆరా తీస్తాను.

అపోహ: మేనరికం వల్లే ఇది వస్తుంది.

వాస్తవం: తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి లోపం వచ్చినా ముప్పు పెరుగుతుంది కనుక దీనికి మేనరికంతో పనిలేదు. అయితే దంపతులిద్దరికీ బీఆర్‌సీఏ2 లోపం ఉండి, అది ఇద్దరి నుంచీ బిడ్డకు చేరితే, ఫాంకోని అనీమియా అనే అరుదైన, తీవ్రమైన వ్యాధి రావచ్చు. వంశంలో ఈ లోపం ఉన్నట్లు తెలిసినవారు మేనరికం కలుపుకునే ముందు జన్యు సలహా తీసుకోవడం మంచిది.

అపోహ: వంశంలో లేకపోతే రాదు, ఉంటే తప్పదు.

వాస్తవం: రెండూ నిజం కావు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. లోపం ఉన్న స్త్రీలలో 80 ఏళ్ల లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చేది నూటికి సుమారు 70 మందికి. అండాశయ క్యాన్సర్ బీఆర్‌సీఏ1 లోపంతో సుమారు 44 మందికి, బీఆర్‌సీఏ2 లోపంతో సుమారు 17 మందికి వస్తుందని అంచనా.

అపోహ: గర్భసంచి తీసేశారు, ఇక భయం లేదు.

వాస్తవం: గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి కనుక ఈ ధీమా నాకు తరచు ఎదురవుతుంది. చాలాసార్లు అండాశయాలను అలాగే ఉంచుతారు. డిశ్చార్జి కాగితంలో చూస్తే తెలుస్తుంది. పాప్ పరీక్ష గర్భాశయ ముఖద్వారం కోసమే గాని అండాశయాల కోసం కాదు. అండాశయ క్యాన్సర్లుగా పిలిచేవాటిలో చాలా వరకు నిజానికి అండవాహికల చివర్లలో మొదలవుతాయి కనుక, బీఆర్‌సీఏ1 లోపం ఉన్నవారికి పిల్లలు పుట్టాక, 35 - 40 ఏళ్ల మధ్య, అండాశయాలతోపాటు వాహికలను కూడా తొలగించమని సూచిస్తాము.

జన్యు పరీక్షను వీలైనంతవరకు కుటుంబంలో జబ్బు వచ్చినవారికే ముందుగా చేయించాలి. వారిలో లోపం ఏదో తేలాక ఆరోగ్యంగా ఉన్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఆ ఒక్క లోపం కోసమే చూస్తే సరిపోతుంది.