సాలియేరి: అపోహలు, వాస్తవాలు

పియానో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచి నన్ను వదలని ప్రశ్న ఒకటి ఉంది. 1984లో వచ్చిన ‘అమెడియస్’ చిత్రం చూసిన విద్యార్థి మరుసటి పాఠానికి వస్తూనే, స్వరకర్త మొజార్ట్‌కు విషం పెట్టింది నిజంగా ఆయన కాలంలోనే వియన్నాలో ఉన్న మరో స్వరకర్త సాలియేరేనా అని అడుగుతాడు. దీనికి జవాబు త్వరగా ముగిస్తాను, ఎందుకంటే పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ వేరే ఉంది.

అపోహ: సాలియేరి మొజార్ట్‌ను చంపాడు.

వాస్తవం: ఇందుకు ఆధారమే లేదు. తన మరణానికి రెండు నెలలైనా లేని సమయంలో, 1791 అక్టోబరు 14న, మొజార్ట్ భార్యకు రాసిన ఉత్తరంలో, సాలియేరిని బండిలో ఎక్కించుకొని ‘మ్యాజిక్ ఫ్లూట్’ ఒపేరాకు తీసుకువెళ్లాననీ, ఆయన మొదటి నుంచి చివరి బృందగానం వరకు మెచ్చుకుంటూనే ఉన్నాడనీ మురిసిపోయాడు. 1823లో మతి తప్పి ఆసుపత్రిలో ఉన్న ముసలి సాలియేరి, తనను చూడటానికి వచ్చిన శిష్యుడు మొషెలెస్‌తో, ఆ వదంతిలో ఇసుమంతైనా నిజం లేదని తానే చెప్పుకోవలసి వచ్చింది. అయినా 1830 నాటికే రష్యన్ కవి పుష్కిన్ దానిని నాటికగా రాసేశాడు.

అపోహ: సాలియేరి ప్రతిభ లేకుండా కేవలం శ్రమతో నెట్టుకొచ్చినవాడు.

వాస్తవం: కొన్నేళ్ల క్రితం, అయిదేళ్లు చక్కగా నేర్చుకున్న ఒక అమ్మాయి ఉన్నట్టుండి రావడం మానేసింది. కారణం అడిగితే వాళ్లమ్మ, “తను సాలియేరి రకమట మాస్టారూ, ఎంత సాధన చేసినా ఇంతేనట” అంది. ఆ పిల్లను ఒక్కసారి పంపించమని కోరి, పేరు చెప్పకుండా ఒక ఒపేరా ఆరంభ సంగీతం వినిపించాను. వినగానే “మొజార్ట్‌దే కదండీ” అంది. అది సాలియేరి రాసిన ‘లె దనాయిద్’. ఆ పిల్ల పొరబాటులో తప్పేమీ లేదు. 1784లో పారిస్ ప్రేక్షకులు కూడా దానిని అప్పటికే పేరుమోసిన స్వరకర్త గ్లుక్ రచనగానే నమ్మారు, అది విజయం సాధించిన తరువాతనే సంగీతమంతా సాలియేరిదని గ్లుక్ ప్రకటించాడు. చాలా ఏళ్ల తరువాత అదే ఒపేరా విని అప్పటికి యువకుడైన ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ ఉప్పొంగిపోయాడు.

ఇటలీలోని లెన్యాగోలో 1750లో పుట్టి, తల్లిదండ్రులను పోగొట్టుకున్న బాలుడు సాలియేరిని స్వరకర్త గాస్‌మన్ 1766లో వియన్నాకు తీసుకువచ్చి, సొంత ఖర్చుతో చదివించాడు. సాలియేరి 1774లో వియన్నా ఆస్థాన స్వరకర్త అయ్యాడు. 1778లో మిలాన్‌లోని లా స్కాలా నాటకశాల ఆయన ఒపేరాతోనే ప్రారంభమైంది. 1788లో ఆస్థాన సంగీతాధిపతి పదవి దక్కింది. జీతంలోనూ హోదాలోనూ మొజార్ట్ కంటే ఎంతో పైనున్న మనిషి అసూయతో కుళ్లిపోయాడనడం నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. (ఇటాలియన్లు తనకు అడ్డుపడుతున్నారని మొజార్ట్ తండ్రికి మొరపెట్టుకున్న మాట వాస్తవమే, కొలువుల కోసం పోటీ ఉన్నచోట అది సహజం.)

అపోహ: ఇద్దరూ ఎన్నడూ కలిసి పని చేయలేదు. ఇదీ తప్పే. గాయని నాన్సీ స్టొరాచే కోలుకున్నందుకు 1785లో ఇద్దరూ భాగం పంచుకొని రాసిన గీతం 2015లో ప్రాగ్‌లో బయటపడింది.

మరి ఇంత పేరున్న సాలియేరి ఒపేరాల వెలుగు ఎలా తగ్గింది? ఆయనను ఆదరించిన జోసెఫ్ చక్రవర్తి 1790లో మరణించాడు, శ్రోతల అభిరుచి మారింది. ఆ మార్పు తనకు నచ్చక, సాలియేరి 1804 తరువాత ఒపేరాలు రాయడం తానే మానుకున్నాడు. పదవి మాత్రం 1824 వరకు ఉంది. బీథోవెన్, షూబర్ట్, లిస్ట్ ఆయన దగ్గర నేర్చుకున్నవారే; తనను గాస్‌మన్ ఆదుకున్నది మరువక, పేద విద్యార్థులకు ఉచితంగా చెప్పేవాడు. మొజార్ట్ చిన్న కొడుకు కూడా ఆయన శిష్యుడే అన్నది విన్నప్పుడు విషం కథ చెప్పేవారు ఎందుకో మౌనం వహిస్తారు.

ఆ అమ్మాయి తిరిగి పాఠాలకు వస్తోంది. ఈమధ్య, 1815లో అరవై అయిదో ఏట సాలియేరి ‘లా ఫోలియా’ అనే పాత ఐరోపా బాణీ మీద ఆర్కెస్ట్రాకు రాసిన ఇరవై ఆరు రూపాంతరాలు వింటోంది, వాటిలో తనకు నచ్చినవి ఏవో చెప్పమంటే ఇంకా జాబితా పూర్తికాలేదంటోంది.