చూపు లేనివారికి ఏసీ: నోటితో చెప్తే చాలనే అపోహ, ఇంకొన్ని

ఏప్రిల్ వచ్చిందంటే నా ఫోన్ ఆగకుండా మోగుతుంది. "అన్నా, అలెక్సాతో పనిచేసే ఏసీ ఏది మంచిది?" అలెక్సా అంటే నోటిమాట విని పరికరాల్ని నడిపే స్పీకర్ లాంటిది. అడిగేవాళ్లు నాలాగే చూపు లేనివాళ్లు, లేకపోతే ఈ మధ్యే చూపు తగ్గిన అమ్మానాన్నల కోసం అడిగే పిల్లలు. విశాఖలో చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ (తెర మీది మాటల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్), ఇంట్లో వాడే పరికరాలు నేర్పడం నా పని. ఈ ఊళ్లో మే నెల ఉక్కపోత ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ ఏసీని విలాసం అనరు. కానీ ఏటా ఒకే పొరపాటు వల్ల చాలా ఇళ్లలో డబ్బులు పోవడం చూస్తున్నాను.

అపోహ: వాయిస్‌తో పనిచేస్తే చాలు, చూపు లేనివాళ్లు వాడేయగలరు.

గాజువాకలో ఒక పెద్దాయన ఉన్నారు. గ్లకోమాతో చూపు పోయింది. కొడుకు బెంగళూరు నుంచి వచ్చి వైఫై ఏసీ బిగించి, స్పీకర్ పెట్టి, యాప్ తన ఫోన్‌లో వేసుకుని, రెండు రోజులు నేర్పి వెళ్లాడు. మూడు వారాలు హాయిగా గడిచాయి. తర్వాత ఇంటర్నెట్ వాళ్లు రౌటర్ మార్చారు. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండూ మారాయి. స్పీకర్‌ని ఏమడిగినా ఇంటర్నెట్ లేదంటుంది. మళ్లీ కలపాలంటే యాప్ కావాలి, అది కొడుకు ఫోన్‌లో, కొడుకు ఖాతాతో ఉంది. చేతిలో రిమోట్ ఉంది గానీ ఏ బటన్ ఏదో ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. "ఆపుదామని నొక్కుతుంటే కీచుకీచుమంటోంది బాబూ, ఇంకా చల్లబడిపోతోంది. స్విచ్ పైన ఉంది, స్టూల్ ఎక్కాలంటే భయం" అన్నారు. ఆయన తప్పేమీ లేదు.

నోటితో చెప్పడం సగం పని మాత్రమే. ఏసీ ఇప్పుడు ఎంతలో ఉంది, కూల్‌లో ఉందా డ్రైలో ఉందా, మనం చెప్పింది నిజంగా జరిగిందా అన్నది మనకి తిరిగి తెలియాలి. చూపున్నవాళ్లకి ఇది రిమోట్ మీది తెర చెప్పేస్తుంది, కాబట్టి వాళ్లకి ఈ లోటు తట్టదు. మనకి తట్టేది ఇదొక్కటే.

మీ పాత ఏసీ ఎదురుగా పెట్టుకునే ఐఆర్ బ్లాస్టర్లు (ఫోన్‌లో చెప్పినదాన్ని రిమోట్ సంకేతంగా మార్చి ఏసీకి పంపే చిన్న పెట్టెలు) రెండు వేల లోపే దొరుకుతాయి. మంచివే, నేనూ వాడుతున్నాను. కానీ అవి రిమోట్‌లాగే ఒకవైపే మాట్లాడతాయి. ఏసీ విన్నదో లేదో వాటికి తెలియదు. మధ్యలో ఎవరైనా అసలు రిమోట్‌తో మార్చినా, కర్టెన్ అడ్డం వచ్చినా, యాప్ మాత్రం పాత లెక్కే చెప్తుంది. వైఫై ఏసీలోనే ఉంటే చాలా మోడళ్లలో అసలు స్థితి యాప్‌లోకి వస్తుంది. కొత్తది కొనేవాళ్లు ఈ తేడా అడిగి తెలుసుకోండి.

అన్నిటికంటే ముందు యాప్‌ని పరీక్షించండి. యాప్ ఉచితమే, కొనకముందే మీ ఫోన్‌లో వేసుకోవచ్చు. ద్వారకానగర్‌లో ఒక షాపుకి మా విద్యార్థిని ఒకమ్మాయిని తీసుకెళ్లాను. డెమో ఏసీకి కలిపిన ఫోన్‌లో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కి టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే స్క్రీన్ రీడర్) ఆన్ చేయించాను. సేల్స్ కుర్రాడు ఫోన్ పాడైపోయిందనుకుని కంగారుపడ్డాడు పాపం. ఆ అమ్మాయి వేలితో కుడివైపుకి జరుపుతూ పోయింది. "అన్‌లేబుల్డ్, బటన్. అన్‌లేబుల్డ్, బటన్." ఆరుసార్లు అదే. అంటే ఆ బటన్లకి పేరు పెట్టలేదని. ఉష్ణోగ్రత దగ్గర ఒక గుండ్రటి డయల్ ఉంది, దాని మీద వేలు పెడితే "ట్వంటీ ఫోర్" అంటుంది గానీ ఎంత జరిపినా మారదు. ప్లస్, మైనస్ బటన్లు వేరే లేవు. పక్కన ఉన్న ఇంకో కంపెనీ యాప్‌లో ప్రతి బటన్‌కీ పేరుంది, ప్లస్ నొక్కితే కొత్త అంకె పలికింది. ఇంచుమించు అదే ధర. అక్కడే నిర్ణయం అయిపోయింది. స్టార్లు, టన్నులు ఆ తర్వాతే చూశాం.

సెటప్ కూడా మీ ఫోన్‌లో, మీ ఖాతాతో, మీరే చెయ్యండి. పక్కన ఎవరైనా ఉంటే మంచిదే, కానీ ఫోన్ మీ చేతిలో ఉండాలి. ఇలాంటి పరికరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. కలవకపోతే ముందు అది చూసుకోండి, టెన్షన్ పడొద్దు. అలెక్సా మన దేశంలో ఇంగ్లిష్, హిందీలకే పరిమితం, తెలుగు రాదు. ఇంట్లో పెద్దవాళ్ల కోసమైతే ఇది గుర్తుపెట్టుకోండి.

అపోహ: కీచుమంటే పనైనట్టే, కీచులు లెక్కపెట్టుకుంటే చాలు.

కీచు అంటే సంకేతం అందిందని మాత్రమే అర్థం. ఏ సంకేతం అందిందో అది చెప్పదు. చాలా ఏసీ రిమోట్లు ప్రతి నొక్కుడుకీ మోడ్, ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం అన్నీ కలిపి మొత్తం పంపుతాయి. లెక్క ఉండేది రిమోట్‌లో. అందుకే రిమోట్ పక్కకి తిరిగి ఉండి ఒక నొక్కుడు ఏసీకి అందకపోయినా రిమోట్‌లో అంకె మారిపోతుంది, తర్వాతి నొక్కుడుతో ఏసీ దాన్ని అందుకుంటుంది. కీచులు కాదు, నొక్కిన సార్లు లెక్కపెట్టండి.

నేను నేర్పే పద్ధతి ఇది. తగ్గించే బటన్‌ని పదిహేనుసార్లు నొక్కండి. చాలా మోడళ్లలో కింది హద్దు 16, అంతకంటే దిగదు. అక్కడినుంచి ఎనిమిదిసార్లు పైకి నొక్కితే 24. మీ మోడల్ కింది హద్దు ఒకసారి ఎవరినైనా అడిగి తెలుసుకోండి. ఇదంతా కూల్ మోడ్‌లో ఉంటేనే. కాబట్టి కూల్‌లో పెట్టించి మోడ్ బటన్ మీద మందపాటి టేపు అంటించేయండి. పవర్ మీద గోళ్లరంగు చుక్క ఒకటి, తగ్గించే బటన్ మీద రెండు, ఆరితే వేలికి తగులుతాయి. గాజువాక పెద్దాయనకి ఆ రోజు ఇవే పెట్టించాను. సెల్స్ మారిస్తే కొన్ని రిమోట్లు మొదటికి వచ్చేస్తాయి, అప్పుడు బీ మై ఐస్‌లో (చూపున్న వాలంటీర్లతో కలిపే యాప్) వీడియో కాల్ చేసి తెర చదివించుకోండి.

రిమోట్ వాడటం రావాలని అంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఇంటర్నెట్ మనల్ని అడిగి పోదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఈ ఊళ్లో కరెంటు, ఫోన్లు ఎన్ని రోజులు లేవో అందరికీ గుర్తే. కరెంటు వచ్చినా నెట్ రాని రోజుల్లో చేతిలో ఉన్నదే దిక్కు.

మిగతావి త్వరగా. అమెరికా నుంచి అన్నయ్య తెచ్చే నెస్ట్, ఎకోబీ థర్మోస్టాట్లు మన స్ప్లిట్ ఏసీకి పనికిరావు. అవి అక్కడి సెంట్రల్ సిస్టమ్‌ల 24 వోల్టుల వైర్లకి కలిపేవి. స్మార్ట్ ప్లగ్‌తో ఏసీ ఆన్, ఆఫ్ చెయ్యడం వద్దు, నడుస్తున్న కంప్రెసర్‌కి పదేపదే కరెంటు కొయ్యడం మంచిది కాదు. 16లో పెడితే గది తొందరగా చల్లబడుతుందన్నది ఇన్వర్టర్ లేని మామూలు ఏసీల్లో నిజం కాదు, అవి ఎంతలో పెట్టినా ఒకే జోరుతో నడుస్తాయి. డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ విద్యుత్ పొదుపు సంస్థ బీఈఈ చెప్తోంది.

ఇంకొకటి: "ఇంట్లో చూపున్నవాళ్లు ఉన్నారుగా, వాళ్లే వేస్తారు." ఈ మాట విన్నప్పుడు నాకు కోపం వస్తుంది. రాత్రి రెండింటికి చలేస్తే భార్యని లేపాలా? వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 43వ సెక్షన్, అందరూ వాడుకోగలిగే వినియోగ వస్తువుల తయారీని ప్రోత్సహించమని ప్రభుత్వాలకి చెప్తోంది. యాప్‌లో బటన్లకి పేర్లు లేకపోతే ఆ కంపెనీకి మెయిల్ పెట్టండి. ఏ స్క్రీన్‌లో ఏ బటన్ పలకడం లేదో, ఏ ఫోనో, టాక్‌బ్యాకా ఐఫోన్‌లోని వాయిస్‌ఓవరా అన్నది వివరంగా రాయండి. పైన చెప్పిన అన్‌లేబుల్డ్ యాప్ గురించి మా విద్యార్థిని అలాగే రాసింది. నాలుగు నెలల తర్వాత అప్‌డేట్‌లో ఆరు బటన్లకి ఐదింటికి పేర్లొచ్చాయి. ఆరోదాని కోసం మళ్లీ రాసింది.