లినక్స్‌లో వైఫై ఎందుకు రాలేదు: ఒక చిప్పు వెనక 20 ఏళ్ల కథ

2009 వానాకాలంలో, మా ఇంజినీరింగ్ హాస్టల్లో రూమ్మేట్ ల్యాప్‌టాప్‌కి ఉబుంటు (విండోస్‌లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఒక రకం) ఎక్కించాం. తెర, సౌండు, టచ్‌ప్యాడ్ అన్నీ మొదటి బూట్‌లోనే వచ్చేశాయి. పైన మూలనున్న నెట్‌వర్క్ గుర్తు మీద నొక్కితే మాత్రం వైర్‌లెస్ అన్న మాటే లేదు. టెర్మినల్ తెరిచి కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయలాంటి భాగం) సందేశాలు వెతికితే సంగతి బయటపడింది. కార్డు కనిపించింది, డ్రైవర్ కూడా ఎక్కింది, ఫర్మ్‌వేర్ ఫైలు మాత్రం దొరకలేదు, ఫలానా చోట నుంచి దించుకోండి అని ఉంది. దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ ఫైలు కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు ఉంది వ్యవహారం. చివరికి కంప్యూటర్ ల్యాబ్‌లో సార్‌ని బతిమాలి, అక్కడి లాన్ వైరు ఒకటి మా ల్యాప్‌టాప్‌కి తగిలించాక గానీ పని కాలేదు.

ఆ రోజుల్లో అందరి నోటా ఒకటే మాట: లినక్స్‌లో వైఫై రాదు. అది సగం నిజం. ఎందుకు రాలేదో, తర్వాత ఎలా వచ్చిందో చెబితేనే మిగతా సగం తెలుస్తుంది. ఆ కథకి అన్ని మలుపులూ బయట నమోదై ఉన్న ఉదాహరణ బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్పులది.

ముందు ఒక చిన్న విషయం. వైఫై కార్డు దానంతట అదే ఒక చిన్న కంప్యూటర్. దానిలో ఒక ప్రాసెసర్ ఉంటుంది, ఆ ప్రాసెసర్‌కి ఒక ప్రోగ్రామ్ కావాలి. ఆ ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. బ్రాడ్‌కామ్ పాత చిప్పుల్లో దాన్ని కార్డు మీద దాచుకునే చోటు లేదు. కరెంటు పోతే పోయినట్టే. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ ఆ ఫైలుని డిస్కు నుంచి తీసి చిప్పులోకి ఎక్కించాలి. అంటే రెండు వస్తువులు కావాలి. ఒకటి కెర్నల్ వైపు నడుస్తూ చిప్పుతో మాట్లాడే డ్రైవర్, రెండోది చిప్పులోపల నడిచే ఫర్మ్‌వేర్. డ్రైవర్‌ని బయటివాళ్లు రాయగలరు. ఫర్మ్‌వేర్ మాత్రం తయారుచేసిన కంపెనీ సొత్తు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే తర్వాతి గొడవలన్నీ అర్థమవుతాయి.

వైరు నెట్‌వర్క్ కార్డుల కాలంలో ఈ బాధ ఇంతగా లేదు. 1990లలో లినక్స్‌కి ఈథర్‌నెట్ డ్రైవర్లు చాలావరకు ఒక్క మనిషి చేతి మీదుగా వచ్చాయి. ఆయన పేరు డొనాల్డ్ బెకర్. అమెరికాలో నాసా గొడార్డ్ కేంద్రంలో పనిచేస్తూ, 1994లో థామస్ స్టెర్లింగ్‌తో కలిసి మామూలు పీసీలని గుత్తిగా కలిపి బేవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టాడు. పీసీలు ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే కార్డులు పనిచేయాలి, కార్డులు పనిచేయాలంటే డ్రైవర్లు కావాలి. అలా ఒకదాని తర్వాత ఒకటి రాసుకుంటూ పోయాడు. అప్పట్లో చవగ్గా దొరికే ఎన్ఈ2000 రకం కార్డుల్లో ఉన్నది నేషనల్ సెమికండక్టర్ వారి చిప్పు. చిప్పులోని ఏ రిజిస్టర్‌లో (చిన్న గడిలో) ఏ విలువ రాస్తే ఏం జరుగుతుందో చెప్పే డేటాషీట్ అందరికీ దొరికేది. తర్వాత ప్రతి పీసీలోనూ కనిపించిన రియల్‌టెక్ 8139 చిప్పు నాణ్యతని డ్రైవర్ రాసినవాళ్లు తిట్టుకున్నారు గానీ, దానికి కాగితాలు దొరక్క ఆగిపోలేదు.

వైఫైతో పరిస్థితి మారింది. 802.11 ప్రమాణం 1997లో వచ్చింది, 54 మెగాబిట్ల 802.11జీ 2003లో ఖరారైంది. అదే ఏడాది ఇంటెల్ సెంట్రినో ల్యాప్‌టాప్‌లు మార్కెట్లోకి దిగాయి. లినక్స్ డ్రైవర్ లేకుండానే దిగాయి, అది 2004లో వచ్చింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం 2005లో ప్రకటించింది. ఇళ్లలోకి, హాస్టళ్లలోకి వైఫై రావడం ఆ తర్వాతి సంగతి. కాబట్టి ఈ కథలో మొదటి దెబ్బలు తిన్నది బయటి దేశాలవాళ్లే.

చిప్పు కంపెనీలు కాగితాలు ఇవ్వకపోవడానికి ఎక్కువగా చెప్పిన కారణం రేడియో నియమాలు. ఏ చానెల్లో, ఎంత పవర్‌తో ప్రసారం చేయాలో సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ బయటపెడితే ఎవరైనా హద్దు దాటించవచ్చు, అప్పుడు రేడియో ప్రసారాలని నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌సీసీ తమని పట్టుకుంటుంది అన్నారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ నియమాలకి లోబడి ఉండే ఓపెన్ డ్రైవర్లని తర్వాత ఇవే కంపెనీలు స్వయంగా ఇచ్చాయి. కాబట్టి ఆ భయం ఒక్కటే కారణమని నేను నమ్మను. పోటీ కంపెనీ చూసేస్తుందన్న దిగులూ, లినక్స్ వాడేవాళ్లు ఎంతమంది ఉన్నార్లే అన్న లెక్కా అందులో కలిసే ఉన్నాయి.

మరి జనం ఏం చేశారు? ఎన్‌డీఐఎస్‌ర్యాపర్ అనే ఉపాయం కనిపెట్టారు. కార్డుతో వచ్చిన సీడీలోని విండోస్ డ్రైవర్‌నే తెచ్చి, లినక్స్ కెర్నల్ లోపల విండోస్‌లాంటి వాతావరణం కల్పించి, అందులో దాన్ని నడిపించడం. సీడీలో ఐఎన్ఎఫ్ ఫైలు వెతకడం, కమాండ్ కొట్టడం, రీబూట్ చేసి దేవుడికి దండం పెట్టుకోవడం. చాలామందికి పని జరిగింది. కానీ లోపలున్న కోడ్ ఎవరికీ కనిపించదు, కెర్నల్ కూలిపోతే ఎందుకు కూలిందో చెప్పేవాళ్లు ఉండరు.

తలుపు తెరుచుకున్నది అనుకోని చోట. లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం, నలుపు రంగుల రూటర్ అమ్మింది. దాని లోపల నడిచేది లినక్స్ అని 2003లో కొందరు గమనించి, జూన్‌లో కెర్నల్ మెయిలింగ్ లిస్టులో ఆ విషయం పెట్టారు. లినక్స్ జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. దాన్ని పెట్టి వస్తువు అమ్మితే సోర్స్, అంటే మనుషులు చదవగలిగే అసలు కోడ్, ఇవ్వాల్సిందే. ఒత్తిడి పెరిగాక, అప్పటికే సిస్కో చేతికి వెళ్లిన లింక్‌సిస్ సోర్స్ విడుదల చేసింది. ఆ సోర్స్ నుంచే 2004లో రూటర్ల కోసం ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లినక్స్ రకం పుట్టింది. అయితే వైఫై డ్రైవర్‌కి మాత్రం సోర్స్ ఇవ్వలేదు, కంపైల్ చేసిన, అంటే యంత్రానికే అర్థమయ్యే, బైనరీ ముద్దగానే వదిలారు. ఆ రూటర్లో ఉన్నది బ్రాడ్‌కామ్ చిప్పు.

కానీ అది లినక్స్ కోసమే తయారైన బైనరీ, మిప్స్ ప్రాసెసర్ కోసం కంపైల్ అయింది. కొంతమంది దాన్ని ముందేసుకుని కూర్చున్నారు. ఇక్కడ వాళ్లు పెట్టుకున్న పద్ధతి చెప్పి తీరాలి, ఎందుకంటే నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే గొప్ప పని ఇదే.

రెండు జట్లుగా విడిపోయారు. మొదటి జట్టు బైనరీని డిసాసెంబుల్ చేసి (యంత్ర భాషని చదవగలిగే సూచనలుగా విడదీసి), ఒక్కో సూచనా చదువుకుంటూ పోతుంది. ఈ ఫంక్షన్ ఫలానా రిజిస్టర్ చదువుతోంది, ఫలానా బిట్ వెలిగితే ఈ విలువ రాస్తోంది, తర్వాత ఇన్ని మైక్రోసెకన్లు ఆగుతోంది. ఇలా గమనించినదంతా మామూలు ఇంగ్లిష్‌లో, కోడ్ లేకుండా, వివరణగా రాసి పెడుతుంది. రెండో జట్టు ఆ బైనరీ ముఖం చూడకూడదు. ఆ వివరణ మాత్రమే చదివి డ్రైవర్ రాయాలి. కంపెనీ కోడ్‌ని కాపీ కొట్టారని రేపు ఎవరూ కోర్టుకి ఎక్కకుండా మధ్యలో కట్టుకున్న గోడ అది. దీనికి క్లీన్‌రూమ్ పద్ధతి అని పేరు.

పని ఎంత కష్టమంటే, రేడియో భాగంలో వందల కొద్దీ అంకెలు వస్తాయి. ఆ అంకె ఎందుకు ఆ అంకే అయిందో చెప్పేవాళ్లు ఉండరు. వివరణ రాసినవాడు ఒక బిట్‌ని తప్పుగా చదివితే, డ్రైవర్ రాసినవాడి దగ్గర కార్డు సిగ్నల్ పట్టదు. తప్పు ఎవరిదో తెలుసుకోవాలంటే మళ్లీ గోడకి అవతల ఉన్నవాణ్ణి అడగాలి, జవాబు మళ్లీ మాటల్లోనే రావాలి.

మైకేల్ బ్యూష్, మరికొందరు రాసిన ఆ డ్రైవర్ 2005 డిసెంబర్‌లో బయటికొచ్చింది. పేరు బీసీఎం43ఎక్స్ఎక్స్. 2006 జూన్‌లో 2.6.17 కెర్నల్లో చేరింది. తర్వాత లినక్స్ వైర్‌లెస్ పునాదినే మార్చి మ్యాక్80211 అనే కొత్త పొర తెచ్చారు. దాని మీద తిరగరాసిన డ్రైవర్ బీ43 అనే పేరుతో 2008 జనవరిలో 2.6.24 కెర్నల్‌తో వచ్చింది.

మధ్యలో ఒక చేదు ఘట్టం కూడా జరిగింది. 2007 ఏప్రిల్‌లో, లినక్స్‌లాంటి మరో ఉచిత సిస్టమ్ ఓపెన్‌బీఎస్‌డీకి పనిచేసే డెవలపర్ ఒకరు ఇవే చిప్పులకి రాస్తున్న డ్రైవర్లో తమ జీపీఎల్ కోడ్ ముక్కలు ఉన్నాయని బ్యూష్ పట్టుకున్నాడు. ఆ మెయిల్ ఆ డెవలపర్ ఒక్కడికే కాక చాలామందికి కాపీలతో వెళ్లింది. ముందు విడిగా చెప్పి ఉండాల్సిందని ఓపెన్‌బీఎస్‌డీ నాయకుడు థియో డి రాట్ మండిపడ్డాడు. చివరికి ఆ డెవలపర్ తన డ్రైవర్‌ని మొత్తంగా తీసేశాడు. లైసెన్సు విషయంలో బ్యూష్ మాట సరైనదే. పద్ధతి విషయంలో డి రాట్ బాధా అర్థమవుతుంది. జీతం లేకుండా పనిచేసే రెండు గుంపులు అలా కొట్టుకున్నాయి. చిప్పు తయారుచేసిన కంపెనీ కాగితాలు ఇచ్చి ఉంటే ఆ గొడవకి చోటే ఉండేది కాదు.

డ్రైవర్ వచ్చినా ఫర్మ్‌వేర్ చిక్కు అలాగే మిగిలింది. దాన్ని పంచిపెట్టడానికి బ్రాడ్‌కామ్ అనుమతి ఇవ్వలేదు. ఉబుంటు అయినా ఫెడోరా అయినా తమ సీడీలో పెట్టలేవు. అందుకని బీ43-ఎఫ్‌డబ్ల్యూకటర్ అనే చిన్న ప్రోగ్రామ్ రాశారు. కంపెనీ సొంత డ్రైవర్ ఫైలుని మీరే దించుకోవాలి, ఈ ప్రోగ్రామ్ దాని కడుపులోంచి ఫర్మ్‌వేర్ ముక్కని కోసి తీసి పెడుతుంది. 2009లో ఇటలీలోని బ్రెషియా విశ్వవిద్యాలయం వాళ్లు కొన్ని పాత చిప్పులకి ఏకంగా సొంత ఫర్మ్‌వేర్ రాసి విడుదల చేశారు. కానీ అది కొన్నిటికే సరిపోయింది.

2008లో బ్రాడ్‌కామ్ తానే డబ్ల్యూఎల్ అనే డ్రైవర్ ఇచ్చింది. సగం బైనరీ ముద్ద, సగం దాని చుట్టూ సోర్స్ తొడుగు. ఉబుంటులో ఒక మీట నొక్కితే ఎక్కేది, వైఫై వచ్చేది. చిక్కల్లా కెర్నల్ మారినప్పుడు. అప్‌డేట్ వచ్చిన మర్నాడు ఆ తొడుగు కంపైల్ కాకపోతే వైఫై మళ్లీ మాయం. ఈ డ్రైవర్‌కి కంపెనీ నుంచి చివరి విడుదల 2015లో వచ్చింది. అప్పటినుంచి కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ డిస్ట్రిబ్యూషన్ల (ఉబుంటులాంటి లినక్స్ రకాల) వాళ్లే అతుకులు వేస్తున్నారు.

అసలు మలుపు 2010 సెప్టెంబర్ 9న. బ్రాడ్‌కామ్ తన కొత్త 802.11ఎన్ చిప్పులకి పూర్తి సోర్స్‌తో డ్రైవర్ ప్రకటించింది. ఫర్మ్‌వేర్‌ని పంచుకోవచ్చని లైసెన్సు కూడా ఇచ్చింది. ఏళ్ల తరబడి దీన్ని అడిగినవాళ్లకి అది పండగ రోజే. 2011 జనవరిలో 2.6.37 కెర్నల్ స్టేజింగ్ (ఇంకా పూర్తిగా సిద్ధం కాని డ్రైవర్ల) విభాగంలో అది చేరింది, తర్వాత బీఆర్‌సీఎం‌ఎస్‌మ్యాక్, బీఆర్‌సీఎం‌ఎఫ్‌మ్యాక్ అని రెండుగా మారింది. 2016లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 3లో వైఫై నడిచేది ఈ రెండోదానితోనే. కానీ పాత చిప్పులు ఆ కొత్త ఏర్పాటులోకి రాలేదు.

మిగతా కంపెనీలూ అటూ ఇటూగా అదే దారిన నడిచాయి. అథెరాస్ 2008లో ఏటీహెచ్9కే డ్రైవర్‌ని సోర్స్‌తో సహా ఇచ్చింది. రియల్‌టెక్ ఆలస్యమైంది. 2018, 2019లలో తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో విరివిగా కనిపించిన 8821సీఈ చిప్పుకి కెర్నల్లో డ్రైవర్ 2020 అక్టోబర్‌లో, 5.9తో వచ్చింది. ఈలోగా గిట్‌హబ్ నుంచి సోర్స్ దించుకుని డీకేఎంఎస్ అనే సాధనంతో (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్లీ కంపైల్ చేసేది) కంపైల్ చేసుకోవడం, సంతకం లేని కోడ్‌ని ఆపే సెక్యూర్ బూట్ ఒప్పుకోకపోతే ఆ మాడ్యూల్‌కి సొంత కీతో సంతకం పెట్టడం. ఎంత టెన్షనో పడినవాళ్లకి తెలుసు.

ఇక్కడ ల్యారీ ఫింగర్ పేరు తలుచుకోకుండా ముందుకి వెళ్లలేను. బ్రాడ్‌కామ్ పాత డ్రైవర్ల దగ్గర నుంచి రియల్‌టెక్ డ్రైవర్ల దాకా ఏళ్ల తరబడి సంరక్షించిన అమెరికన్ ఆయన. కొత్త కెర్నల్లోకి వచ్చిన డ్రైవర్‌ని పాత కెర్నల్ వాడేవాళ్లకి కూడా అందేలా విడిగా సర్ది పెట్టేవాడు. 2024 జూన్‌లో, 84 ఏళ్ల వయసులో చనిపోయాడు. మన దగ్గర ఆయన రాసిన కోడ్ మీద వైఫై వాడినవాళ్లలో ఆయన పేరు విన్నవాళ్లు చాలా తక్కువ.

డెబియన్ అనే మరో లినక్స్ రకం వైపు మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. సోర్స్ లేని ఫర్మ్‌వేర్‌ని 2011లో తన ప్రధాన భాగంలోంచి తీసేసిన ఆ సంస్థ, 2022లో ఓటింగ్ పెట్టి, ఇన్‌స్టాలర్లోనే ఫర్మ్‌వేర్ ఇవ్వాలని తేల్చుకుంది. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమల్లో ఉంది. చెన్నైలోని ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసే బాస్ లినక్స్‌కి కూడా పునాది డెబియనే. కొత్తగా వేసుకునేవాళ్లకి ఇప్పుడు ఇన్‌స్టాల్ చేస్తుండగానే చాలా వైఫై కార్డులు పనిచేస్తాయి.

బీ43 కార్డులకి మాత్రం ఈ సౌకర్యం లేదు. ఆ పాత ఫర్మ్‌వేర్‌ని పంచే అనుమతి ఇప్పటికీ రాలేదు కాబట్టి డెబియన్ 12 ఇన్‌స్టాలర్లో అది ఉండదు. అలాంటి ల్యాప్‌టాప్ మీ చేతికి వస్తే ముందు టెర్మినల్లో ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్ఎన్ (lspci -nn) అని కొట్టండి. బ్రాడ్‌కామ్ వరుస చివర 14ఈ4:4315 అని ఉంటే అది బీసీఎం4312. దానికి కావలసిన ప్యాకేజీ ఫర్మ్‌వేర్-బీ43-ఎల్‌పీఫై-ఇన్‌స్టాలర్ (firmware-b43-lpphy-installer), డెబియన్ ప్యాకేజీల కాంట్రిబ్ విభాగంలో దొరుకుతుంది. అది కూడా ఫైలుని నెట్ నుంచే తెస్తుంది. అయితే లాన్ వైరు కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, టెథరింగ్ ఆన్ చేస్తే చాలు.