ఇస్నోఫీలియా - ఊపిరితిత్తులు: అపోహలు, వాస్తవాలు

ఛాతీ సీటీలు చదవడమే నా పని. ఇస్నోఫీలియా అంటే రక్తంలో ఇస్నోఫిల్స్ అనే తెల్లకణాలు పెరగడం. ఇస్నోఫీలియా గురించి పేషెంట్ల నోట ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: అది డస్ట్ ఎలర్జీ, చల్లటివి మానేస్తే పోతుంది.
వాస్తవం: పోదు. మైక్రోలీటర్ రక్తంలో ఈ కణాల కౌంట్ 500 దాటిందంటే ఎందుకు పెరిగిందో వెతకాలి. ఆస్తమా కావచ్చు, ఏలికపాములు, ఫంగస్, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి వాడే నైట్రోఫ్యూరాంటోయిన్ లాంటి మందులు కూడా కావచ్చు.

అపోహ: ఎక్స్‌రేలో మచ్చలుంటే టీబీయే.
వాస్తవం: మన దగ్గర టీబీ ఎక్కువ, కళ్ళె పరీక్ష చేయించాల్సిందే, అందులో వాదన లేదు. కానీ బోదకాలు పురుగు వల్ల వచ్చే ట్రాపికల్ పల్మనరీ ఇస్నోఫీలియా కూడా ఎక్స్‌రేలో అచ్చం మిలియరీ టీబీ (ఒళ్ళంతా పాకిన టీబీ) లాగే కనపడొచ్చు, రెండు పక్కలా రవ్వంత చుక్కలు, మధ్యలో, కింద ఎక్కువగా. రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు, కౌంట్ మామూలుగా 3000 పైనే. కాలు వాచలేదు కదా డాక్టర్ అంటారు, వాచక్కర్లేదండీ. రాత్రి తీసిన రక్తంలో కూడా పురుగు పిల్లలు సాధారణంగా దొరకవు, ఎందుకంటే అవి ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుని అక్కడే నాశనమవుతాయి. బోదకాలు పురుగుకిచ్చే డీఈసీ మాత్రలు 3 వారాలు వాడితే చాలామందికి తగ్గుతుంది, అలాంటివాళ్ళు నెలల తరబడి టీబీ మందులు మింగి వస్తే నిజంగా బాధేస్తుంది, కౌంట్ రిపోర్టు అదే ఫైల్లో ఉంటుంది మరి.

ఆస్తమా ఉన్నవాళ్ళలో ఏబీపీఏ అని ఇంకోటి, ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ మీద ఎలర్జీ, దీన్నీ టీబీ అనుకుంటారు. సీటీలో లోపలివైపు గాలిగొట్టాలు వెడల్పై ఉంటాయి, వాటిల్లో ఇరుక్కున్న కళ్ళె పక్కనున్న కండ కన్నా తెల్లగా కనపడిందంటే దాదాపు ఏబీపీఏయే.

అపోహ: రక్తంలో కౌంట్ నార్మల్ అయితే ఊపిరితిత్తులూ నార్మలే.
వాస్తవం: అక్యూట్ ఇస్నోఫిలిక్ న్యుమోనియాలో, అంటే ఇస్నోఫిల్స్ ఊపిరితిత్తుల్లో చేరి ఉన్నట్టుండి వచ్చే జబ్బులో, మొదట్లో కౌంట్ నార్మల్‌గానే ఉండొచ్చు. కొత్తగా సిగరెట్ మొదలెట్టిన కుర్రాళ్ళలో చూస్తాం, కొద్దిరోజుల్లోనే జ్వరం, విపరీతమైన ఆయాసం, సీటీలో రెండు పక్కలా మబ్బు, ఊపిరితిత్తుల చుట్టూ కొంచెం నీరు. బ్రాంకోస్కోపీలో, అంటే సన్నటి గొట్టంతో ఊపిరితిత్తుల్లోకి చూసే పరీక్షలో, కడిగి తీసిన నీళ్ళలో ఇస్నోఫిల్స్ 25 శాతం దాటితే అప్పుడు తేలుతుంది.

అపోహ: సీటీ చాలు, ఇంకేం అక్కర్లేదు.
వాస్తవం: ఇదే జబ్బు నెమ్మదిగా ముదిరే రకం, క్రానిక్ ఇస్నోఫిలిక్ న్యుమోనియాలో, సీటీలో ఊపిరితిత్తుల పైభాగాల్లో అంచుల వెంబడి తెల్లగా ఉంటుందని పుస్తకాల్లో చదువుతాం, అందరిలో అలా ఉండదు, అందుకే సీటీ ఒక్కటే చాలదు. వాడే మందులన్నీ చెప్పండి, పాత రక్తపరీక్షలు వెంట తెండి.

అపోహ: స్టెరాయిడ్ వేస్తే తగ్గుతుంది, కారణం దేనికి?
వాస్తవం: చాలావాటిలో తగ్గే మాట నిజమే. కానీ స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు కడుపులో ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్ పడితే అది ఒళ్ళంతా పాకి ప్రాణం మీదకి తెస్తుంది. చెప్పుల్లేకుండా మట్టిలో తిరిగే పని అయితే స్టెరాయిడ్‌కి ముందే ఆ పురుగు పరీక్ష అడగండి.