ఎస్‌ఎంబీ1 ఆగిపోతే ఆఫీసు ఆగిపోదు: ఫైల్ షేరింగ్‌పై అపోహలు - వాస్తవాలు

విండోస్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ విజయవాడ, గుంటూరు ఆఫీసుల నుంచి నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు "సర్వర్ పోయిందండీ" అనే మాటతోనే మొదలవుతాయి. వెళ్లి చూస్తే సర్వర్ నిక్షేపంగా ఉంటుంది, కేబుళ్లు బాగుంటాయి, స్విచ్ మీద లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఎస్‌ఎంబీ1 అనే పాతకాలపు ఫైల్ షేరింగ్ పద్ధతికి కొత్త విండోస్ జవాబు ఇవ్వడం మానేసిందంతే. ఇంత చిన్న విషయం తెలియకపోవడం వల్ల కొందరు అవసరం లేని కంప్యూటర్లు కొంటున్నారు, మరికొందరు అంతకంటే పెద్ద నష్టాన్ని పిలిచి మరీ నెత్తికెత్తుకుంటున్నారు. ఈ రెండో రకం వారి గురించే ఎక్కువగా రాయవలసి ఉంది.

అపోహ: "విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి ఎస్‌ఎంబీ 1.0 దగ్గర టిక్ పెట్టి, అప్‌డేట్లు ఆపేస్తే సరిపోతుంది."

యూట్యూబ్ వీడియోలు ఇదే చెబుతాయి, పక్క షాపు కుర్రాడు ఇదే చేస్తాడు, చెప్పడానికి బాధగా ఉన్నా మా వృత్తిలోనూ కొందరు ఐదు నిమిషాల్లో ఈ పని ముగించి విజిట్ చార్జీ తీసుకుని వెళ్లిపోతారు. ఆ సాయంత్రానికి ఫోల్డర్ తెరుచుకుంటుంది కాబట్టి అందరూ సంతోషిస్తారు. ఫోల్డర్‌తో పాటు ఇంకేం తెరుచుకుందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ టిక్ కింద నిజానికి మూడు భాగాలున్నాయి: క్లయింట్, సర్వర్, ఆటోమేటిక్ రిమూవల్. మీ కంప్యూటర్ నుంచి ఒక పాత పరికరంలోని ఫోల్డర్‌ను తెరవడానికి క్లయింట్ ఒక్కటే చాలు. కానీ పైనున్న పెద్ద గడిలో టిక్ పెట్టగానే మూడూ ఎంపికవుతాయి; సర్వర్ భాగం వల్ల మీ కంప్యూటర్ కూడా, నెట్‌వర్క్‌లో ఎవరు పిలిచినా, ఎస్‌ఎంబీ1లో పలకడం మొదలుపెడుతుంది. 2017లో బయటపడిన ఎటర్నల్‌బ్లూ అనే దాడి సరిగ్గా ఈ సర్వర్ భాగం మీదే, 445 పోర్టు (ఫైల్ షేరింగ్ వాడే నెట్‌వర్క్ ద్వారం) ద్వారా, పాస్‌వర్డ్ అవసరం లేకుండానే పనిచేసింది. దాన్ని వాడుకుని ఆ ఏడాది మే 12న మొదలైన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాలకు పాకి, బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల పనిని స్తంభింపజేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడినట్లు అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు దాదాపు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసింది. అంటే వానాక్రై పాకడానికి ఎస్‌ఎంబీ1 తెరిచి ఉండటం, అప్‌డేట్ పడకపోవడం అనే రెండూ కావాలి. "టిక్ పెట్టు, అప్‌డేట్ ఆపు" అనే చిట్కా ఆ రెండింటినీ మన చేతులతోనే సమకూర్చిపెడుతోంది.

అప్‌డేట్లు సక్రమంగా పడుతున్న కంప్యూటర్‌లో ఆ ఒక్క రంధ్రం మూసుకుపోయిన మాట నిజమే. అయినా ఎస్‌ఎంబీ1 అనేది 1980లలో ఐబీఎంలో పుట్టిన పద్ధతి. ఆఫీసు లోపల ఉన్నవారంతా నమ్మదగినవారేనని అనుకునే రోజుల్లో దాని పునాది పడింది. ఎస్‌ఎంబీ3లో ఉన్న ఎన్‌క్రిప్షన్ (డేటాను ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చడం) దానిలో లేదు, మధ్యలో ఎవరైనా చొరబడి రెండు యంత్రాలను బలహీనమైన పద్ధతికి దించకుండా ఆపే రక్షణా లేదు.

"మా చిన్న షాపు మీద ఎవడు దాడి చేస్తాడండీ?" అని అడుగుతారు. పురుగులా పాకే వైరస్‌కు షాపు చిన్నదో పెద్దదో తెలియదు. అది గుమాస్తా లాప్‌టాప్‌లోనో, ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోనో వస్తుంది. రూటర్ బయటి నుంచి వచ్చేవాటిని ఆపగలదు గానీ, లోపల ఒక కంప్యూటర్ నుంచి ఇంకొకదానికి పాకేదాన్ని ఆపలేదు. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గరకు వెళ్లేసరికి ట్యాలీ డేటా మొత్తం తాళం పడి, డబ్బు కడితేనే ఇస్తామన్న నోటీసు తెర మీద ఉంది. బ్యాకప్ ఏదని అడిగితే అదే కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌ను చూపించారు, దానికీ తాళమే. వైరస్ లోపలికి ఎలా వచ్చిందో తేల్చలేకపోయాను. ఎస్‌ఎంబీ1 తెరిచి ఉండటం, అప్‌డేట్లు ఎప్పుడో ఆపేసి ఉండటం మాత్రం కళ్లారా చూశాను. ఆ కుటుంబం కాగితపు బిల్లులు ముందేసుకుని ఆ ఏడాది లెక్కలన్నీ మళ్లీ ఎక్కించింది. అలా తెరిచిపెట్టి వెళ్లినవారి మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇక్కడే పుట్టిన మరో పుకారు: "మైక్రోసాఫ్ట్ వాళ్లు దూరం నుంచి మా టిక్ తీసేశారు." మూడో భాగమైన ఆటోమేటిక్ రిమూవల్ పనే అది. కంప్యూటర్ ఆన్‌లో ఉన్న సమయంలో మొత్తం 15 రోజులు ఎస్‌ఎంబీ1ను ఎవరూ వాడకపోతే అది తనంతట తానే తొలగిపోతుంది. అలా పోయిందంటే మీకు దాని అవసరం లేదని కంప్యూటరే తేల్చి చెప్పిందన్నమాట.

మరి సరైన పరిష్కారం ఏమిటి? చాలా ఆఫీసుల్లో పైసా ఖర్చు లేనిదే. విండోస్ విస్టా కాలం నుంచే ఎస్‌ఎంబీ2 ఉంది కాబట్టి విండోస్ 7 కంప్యూటర్, విండోస్ 11 కంప్యూటర్ పరస్పరం ఫైళ్లు పంచుకోవడానికి ఎస్‌ఎంబీ1 అక్కరలేదు. ఎక్స్‌పీ, సర్వర్ 2003, ఆ కాలపు నాస్ పెట్టెలు (ఆఫీసు ఫైళ్లన్నీ దాచుకోవడానికి నెట్‌వర్క్‌కు తగిలించే డబ్బాలు), పాత కాపియర్లు మాత్రమే దాని మీద ఆధారపడతాయి. "నెట్‌వర్క్‌లో మిగతా కంప్యూటర్లు కనపడటం లేదు, కాబట్టి షేరింగ్ పోయింది" అనేవారు కనపడటం వేరు, తెరుచుకోవడం వేరని గ్రహించాలి. పాత రోజుల్లో ఆ జాబితాను తయారుచేసిన కంప్యూటర్ బ్రౌజర్ అనే విండోస్ సర్వీసు ఎస్‌ఎంబీ1తో ముడిపడి ఉండేది, దానితోనే పోయింది. అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి సర్వర్ పేరో ఐపీ అడ్రసో ఇవ్వండి. తెరుచుకుంటే డ్రైవ్‌గా మ్యాప్ చేసుకోండి. జాబితా కూడా కావాలంటే ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే సర్వీసును సర్వర్‌లో ఆటోమేటిక్‌కు మార్చండి.

2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2తో ఇంకో గందరగోళం మొదలైంది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టు యజమాని సీజన్ మధ్యలో కంగారుగా ఫోన్ చేశారు. తక్‌పట్టీలు (సరుకు అమ్మిన లెక్క చీటీలు) రాసే కంప్యూటర్ తెర మీద, మీ ఆర్గనైజేషన్ భద్రతా విధానాలు గెస్ట్ ప్రవేశాన్ని (యూజర్ పేరు, పాస్‌వర్డ్ లేకుండా రావడాన్ని) అడ్డుకుంటున్నాయని వచ్చిందట. "మా కొట్టుకు ఆర్గనైజేషన్ ఎక్కడిదండీ? నేనూ, మా అబ్బాయీ, గుమాస్తా! పని మానేసిన పాత అకౌంటెంటు ఏమైనా చేశాడంటారా?" అన్నది ఆయన భయం. పాపం, ఆ అకౌంటెంటుకు ఏ సంబంధమూ లేదు. విండోస్ 11 ప్రో ఎడిషన్ ఈ వెర్షన్ నుంచి ప్రతి సందేశం మీద డిజిటల్ సంతకం అడుగుతుంది. పాస్‌వర్డ్ లేని గెస్ట్‌కు సంతకం చేయడానికి తాళంచెవి ఉండదు కాబట్టి లోపలికి రానివ్వదు. ఆ కొట్టు ఫైళ్లున్న నాస్‌లో ఒక యూజర్‌ను సృష్టించి, పాస్‌వర్డ్ పెట్టి, ఆ వివరాలను రెండు కంప్యూటర్లలో భద్రపరిస్తే పని మళ్లీ మొదలైంది.

ఎస్‌ఎంబీ1ను నిజంగానే అడుగుతున్న పరికరం ఏదో తెలియకపోతే ఊహించవద్దు. సర్వర్‌లోని పవర్‌షెల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండోలో) ఎస్‌ఎంబీ1 ఆడిట్‌ను ఆన్ చేస్తే, ఆ పద్ధతిలో ఎవరు వచ్చినా వారి అడ్రస్ ఎస్‌ఎంబీ సర్వర్ ఆడిట్ లాగ్‌లో 3000 నంబరు ఈవెంట్‌గా నమోదవుతుంది. నా అనుభవంలో దోషి సాధారణంగా ఒక మూలనున్న కాపియరే, స్కాన్ చేసిన కాగితాలను ఫోల్డర్‌లోకి పంపడానికి తంటాలు పడుతూ దొరుకుతుంది. ఫర్మ్‌వేర్ (కాపియర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో కంపెనీ సర్వీసు వారిని అడగండి. లేకపోతే స్కాన్‌ను పెన్‌డ్రైవ్‌లోకో ఈమెయిల్‌కో మళ్లించండి. ఒక్క కాపియర్ కోసం ఆఫీసు మొత్తాన్ని వెనక్కి దించడం ఏ లెక్కన చూసినా నష్టమే.

విజయవాడ సూర్యారావుపేటలో వైద్య పరీక్షల ల్యాబులు నడిపేవారి ఇబ్బంది వేరు, వారిని తప్పుపట్టలేను. లక్షలు పోసి కొన్న ఎనలైజర్ ఎక్స్‌పీతోనే నడుస్తుంది, తయారీదారు కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడు. ఆ యంత్రాన్ని పారేయనక్కరలేదు. దానికి ఇంటర్నెట్ తీసేసి, విడిగా వీల్యాన్‌లో (నెట్‌వర్క్ లోపలే వేరుచేసిన భాగంలో) పెట్టి, ఫలితాలు తీసుకోవడానికి మధ్యలో సాంబా (లినక్స్‌లో విండోస్ ఫైల్ షేరింగ్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) నడిచే ఒక చిన్న లినక్స్ కంప్యూటర్‌ను ఉంచి, ఎస్‌ఎంబీ1ను ఆ ఒక్క దారికే పరిమితం చేయించుకోండి. సాంబాలో కూడా 2019 నాటి 4.11 వెర్షన్ నుంచి అది డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి చేతితో ఆన్ చేయాలి.

అన్నట్టు, "కొత్త కంప్యూటర్లు అమ్ముకోవడానికి కంపెనీలు ఆడే నాటకం" అనేవారికి ఈ సాంబా సంగతే నా జవాబు. ఉచితంగా ఇచ్చేవారికి ఏం అమ్ముడుపోతుంది? రాత్రికి రాత్రి జరిగిందనడమూ సరికాదు. మైక్రోసాఫ్ట్ 2014లోనే ఎస్‌ఎంబీ1కు కాలం చెల్లిందని ప్రకటించింది; డిఫాల్ట్‌గా లేకుండా చేసింది 2017 అక్టోబరు నాటి విండోస్ 10 1709 వెర్షన్‌లో.

ఇలాగే కాలం చెల్లిన మిగిలిన పాత పద్ధతుల గురించి క్లుప్తంగా చెబుతాను. పాత కంప్యూటర్‌లో ఒక వెబ్‌సైటు తెరుచుకోకపోతే సైటు పడిపోయినట్లు కాదు, వెబ్‌సైటుతో మాటలను రహస్యంగా ఉంచే టీఎల్‌ఎస్ పద్ధతిలో పాతవైన 1.0, 1.1లను బ్రౌజర్లు 2020లో పక్కన పెట్టడం ప్రారంభించాయి, 2021లో ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ సంస్థ వాటిని అధికారికంగా రద్దు చేసింది. విండోస్ 7లోని పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో టీఎల్‌ఎస్ 1.2 ఉన్నా ఆన్‌లో ఉండదు. ఇంటర్నెట్ ద్వారా ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ అంతరించిపోలేదు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 2021లో దాన్ని వదిలేశాయి, ఫైల్‌జిల్లా లాంటివాటిలో పనిచేస్తూనే ఉంది. ఇంట్లోని కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకోవడానికి విండోస్‌లో ఉన్న హోమ్‌గ్రూప్ మాత్రం 2018లో పోయింది, దాని కోసం వెతకవద్దు. వైఫై భద్రత బలహీనంగా ఉందని ఫోన్ హెచ్చరిస్తే ఫోన్ పాడైనట్లు కాదు. రూటర్ ఇంకా వెప్, పాత డబ్ల్యూపీఏ అనే పాత వైఫై భద్రతా పద్ధతుల్లో ఏదో ఒకదానిలో ఉందని అర్థం. వెప్‌ను ఛేదించవచ్చని 2001లోనే తేలిపోయింది. సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ2 ఉంటే దానికి మార్చండి, లేకపోతే రూటర్‌ను మార్చండి. మార్చిన రోజునే ప్రింటర్‌లోనూ, సీసీ కెమెరాల రికార్డర్‌లోనూ కొత్త పాస్‌వర్డ్ వేయించుకుని, అవి పనిచేస్తున్నాయని చూసుకున్నాకే టెక్నీషియన్‌ను పంపించండి.