సిరొంచ మెడికల్ షాపు: గోడ మీది సర్టిఫికెట్ వెనుక కథ

గోదావరి, ప్రాణహితలపై వంతెనలు పడ్డాక మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ తాలూకా తెలుగువాళ్లు పెద్ద జబ్బు వస్తే అవతలి ఒడ్డున ఉన్న తెలంగాణకే వెళ్తున్నారు. మంచిర్యాలలోనో వరంగల్‌లోనో డాక్టరుకు చూపించుకుని మొదటి విడత మందులు అక్కడే కొంటారు. ఆ తర్వాత అదే చీటీతో ఊళ్లోని మెడికల్ షాపుకు వెళ్తారు. డాక్టరు చీటీ దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. షాపు లైసెన్సు, ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అధికారం మాత్రం ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే.

ఈ ఏర్పాటుకు మూలం మలేరియా మందు. గడ్చిరోలి అడవులను ఇవాళ్టికీ వదలని జ్వరమే దీనికి కారణమంటే వింతగానే ఉంటుంది. 1920లలో దేశమంతటా కల్తీ క్వినైన్ అమ్ముతున్నారన్న గగ్గోలు పెరగడంతో 1930లో కల్నల్ చోప్రా అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేశారు. దాని సిఫార్సుల మీద 1940లో ఔషధ చట్టం, 1945లో నిబంధనలు వచ్చాయి. చట్టం కేంద్రం చేసినా షాపుల తనిఖీ రాష్ట్రాల చేతిలోనే ఉండిపోయింది.

మంచి మందు తయారైనంత మాత్రాన సరిపోదు, ఇచ్చే చేయి కూడా తెలిసినదై ఉండాలని 1948 ఫార్మసీ చట్టం చెప్పింది. రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప మరొకరు చీటీ మీది మందు ఇవ్వకూడదన్న 42వ సెక్షన్ అందులోదే. అది పూర్తిగా అమలులోకి రావడానికి 1984 దాకా పట్టింది. చదువుకున్నవాళ్లు చాలినంత మంది లేరన్నది అప్పటి సాకు, కొంతవరకు నిజం కూడా. ఆ కొరతలోంచే, ఫార్మసిస్టు షాపులో కూర్చోకుండా గోడకు తగిలించుకోవడానికి తన సర్టిఫికెట్ అద్దెకిచ్చే అలవాటు పాకింది. 2012 ప్రాంతంలో మహారాష్ట్ర ఆహార, ఔషధ నియంత్రణ శాఖ (ఎఫ్‌డీఏ) కమిషనర్ మహేశ్ జగడే ఫార్మసిస్టు లేని షాపులపై చర్యలకు దిగితే వర్తక సంఘాలు బంద్‌లకు పిలుపునిచ్చాయి. ఫార్మసిస్టును కూర్చోబెట్టమంటే షట్టర్లు దించేయడం ఏ రకం జవాబో వాళ్లే చెప్పాలి.

ఫార్మసిస్టు ఉంటే ఏం మారుతుందో కౌంటర్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. పది మాత్రల స్ట్రిప్‌లో బ్యాచ్ నంబరు, గడువు తేదీ చాలాసార్లు ఒక కొసనే ఉంటాయి. నాలుగు మాత్రలు అడిగినవాడికి ఆ కొస వైపు కత్తిరించి ఇస్తే, షాపులో మిగిలిన ఆరింటికి తేదీ ఉండదు. అవి ఎప్పటివో తర్వాత కొనేవాడికి తెలియదు. విడి మాత్రలు కొనే కూలీల ఊళ్లలో ఇది రోజూ జరిగేదే. ఇన్సులిన్ సంగతి ఇంకొకటి. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండలు 45 దాటే ఈ ప్రాంతంలో రాత్రంతా కరెంటు పోతే, ఫ్రిజ్‌లో థర్మామీటరు లేని షాపువాడు చెడిందో లేదో చెప్పలేడు. చూడటానికి సీసా అలాగే ఉంటుంది. ఇక కొన్ని యాంటీబయాటిక్స్‌తో సహా 46 మందులను 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూల్‌లో, అంటే చీటీ మీదే అమ్మి లెక్క రాయాల్సిన మందుల జాబితాలో చేర్చారు. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి.

అయితే ఎంత చదివిన ఫార్మసిస్టైనా కంటితో పట్టలేని విషం ఒకటుంది. 1986లో ముంబై జేజే ఆసుపత్రిలో రోగులకిచ్చిన గ్లిజరిన్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసి 14 మంది చనిపోయారు. జస్టిస్ లెంటిన్ కమిషన్ ఎఫ్‌డీఏనే తప్పుపట్టింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా పిల్లల్ని చంపిన దగ్గు మందులోనూ అదే రసాయనం. వారిలో పలువురు నాగ్‌పూర్ ఆసుపత్రుల్లో ప్రాణాలు వదిలారు. ఆ సిరప్ తయారైంది తమిళనాడులో. ఇలాంటప్పుడు షాపు చేయగలిగింది ఆ బ్యాచ్‌ను వెంటనే పక్కన పెట్టడం, ఎవరికి అమ్మిందో చెప్పడం. అందుకు కొన్న బిల్లు, అమ్మిన బిల్లు రెండూ ఉండాలి.

బిల్లు కొనేవాడికీ పనికొస్తుంది. 1940 చట్టం 26వ సెక్షన్ ప్రకారం మామూలు మనిషి కూడా రుసుము కట్టి మందును ప్రభుత్వ విశ్లేషకుడి దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. సిరొంచలో కొన్న మందుపై ఫిర్యాదు మహారాష్ట్ర ఎఫ్‌డీఏకు వెళ్లాలి, మంచిర్యాలలో కొన్నదానిపై తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖకు. ఒకే సంచిలో రెండు ఒడ్డుల మందులూ ఉన్నప్పుడు ఏది ఎక్కడిదో తేల్చేది బిల్లే.